నేను లేచిన సీట్లో ఇంకొకరికి తగిలిన ఆ 40,000 నావేనా?

ప్రశ్న పెద్దది కాబట్టి ముందు కుదించి చెబుతాను. అడిగిన తమ్ముడిది బెంగళూరులో ఉద్యోగం. టీం అంతా గోవా వెళ్లి, పణజి దగ్గర మాండవి నదిలో ఉండే ఒక కాసినో పడవ ఎక్కారు. ఇతను మూడు గంటలు ఒకే స్లాట్ మెషిన్ (డబ్బు పెట్టి బటన్ నొక్కితే బొమ్మల చక్రాలు తిరిగే యంత్రం) ముందు కూర్చున్నాడు. మొదటి గంట స్పిన్‌కు 50 రూపాయలు, తర్వాత రెండు గంటలు "పోయింది రాబట్టుకుందాం" అని 100. మొత్తం 18,000 పోయింది. లేచి నీళ్లు తాగి వచ్చేసరికి అదే మెషిన్ దగ్గర ఎవరో ఆవిడకు 40,000 తగిలి లైట్లు వెలుగుతున్నాయి. అడిగినవి నాలుగు: నన్ను చూసి మెషిన్ బిగించారా, అంటే గెలవకుండా చేశారా? ఇంకో ఐదు నిమిషాలు కూర్చుని ఉంటే ఆ డబ్బు నాకే వచ్చేదా? డిసెంబరులో కాలేజీ ఫ్రెండ్స్‌తో మళ్లీ వెళ్తున్నాం, ఈసారి హద్దులో ఆడటం ఎలా? ఇంట్లో మా ఆవిడకు ఇంకా చెప్పలేదు, చెప్పాలా?

సూటిగా జవాబులు: బిగించలేదు. మీకు వచ్చేది కాదు. హద్దులో ఆడొచ్చు గానీ ఆ హద్దు బెంగళూరులోనే గీసుకుని వెళ్లాలి, మెషిన్ ముందు కూర్చున్నాక కాదు. ఇంట్లో చెప్పాలి.

నాకెలా తెలుసంటే, నేను పదకొండేళ్లు ఇలాంటి గేమ్‌లే టెస్ట్ చేశాను. అమెరికా, ఆస్ట్రేలియా కాసినోల్లో తిరిగే స్లాట్ గేమ్‌ల సాఫ్ట్‌వేర్ పని కొంత మన బెంగళూరు టెక్ పార్కుల్లోనే జరుగుతుందని చాలామందికి తెలియదు. నేను చేసిన కంపెనీలో మా టీంలో సగం మంది తెలుగువాళ్లమే. మధ్యాహ్నం టిఫిన్ బాక్సుల దగ్గర గోంగూర పచ్చడి, స్క్రీన్ మీద ఈజిప్టు రాణులు, డ్రాగన్లు. మా అమ్మకు మాత్రం "వీడియో గేమ్‌ల కంపెనీ" అనే చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ పని మానేసి నాలుగేళ్లయింది.

మెషిన్ లోపల ఏం జరుగుతుందో చెబుతాను. లోపల ఒక ప్రోగ్రాం ఉంటుంది, దాని పని ఆగకుండా అంకెలు పుట్టిస్తూ ఉండటం. ఎదురుగా ఎవరూ కూర్చోకపోయినా అది ఆగదు, క్షణక్షణం మారిపోతూనే ఉంటుంది. మీరు బటన్ నొక్కిన ఆ క్షణంలో ఏ అంకె ఉందో దాన్ని పట్టుకుని, ఏ చక్రం ఏ బొమ్మ దగ్గర ఆగాలో అక్కడికక్కడే తేల్చేస్తుంది. ఆట అక్కడితో అయిపోయింది. తర్వాత మూడు నాలుగు సెకన్లు చక్రాలు గిర్రున తిరిగి ఒక్కొక్కటీ ఆగడమంతా మనకు చూపించే ముచ్చట. మధ్యలో మళ్లీ బటన్ కొట్టి చక్రాన్ని "ఆపేవాళ్లను" చూసే ఉంటారు. వాళ్లు ముచ్చటను తొందరగా ముగిస్తున్నారు, అంతే. ఫలితం మారదు.

కాబట్టి ఆ 40,000 మీకే రావాలంటే మీరు అక్కడ కూర్చుని ఉంటే సరిపోదు. ఆవిడ నొక్కిన క్షణంలోనే, సెకనులో వెయ్యో వంతు తేడా కూడా లేకుండా, మీరూ నొక్కి ఉండాలి. మీరు చెయ్యి విదిలించుకున్నా, పక్కవాడితో ఒక మాట మాట్లాడినా ఆ క్షణం దాటిపోయేది. పైగా ఆ మెషిన్‌కు మీరు మూడు గంటలు కూర్చున్న సంగతే గుర్తుండదు. దానికి ప్రతి స్పిన్నూ మొదటి స్పిన్నే. "చాలాసేపటి నుంచి ఇవ్వలేదు, నిండి ఉంది, ఇప్పుడు ఇస్తుంది" అనే మాట కాసినో గదిలో ఎన్నిసార్లు వింటారో లెక్కలేదు. బస్సు గంట నుంచి రాలేదు కాబట్టి ఇక వస్తుంది అనుకోవడం బస్సు విషయంలో సబబే, ఎక్కడో బయలుదేరి ఉంటుంది కనుక. ఇక్కడ ఏ బస్సూ బయలుదేరలేదు.

ఒక్క మినహాయింపు చెప్పాలి, లేకపోతే ఎవరో ఒకరు కింద కామెంట్లలో వచ్చి పట్టుకుంటారు. బ్రిటన్ పబ్బుల్లో ఉండే కొన్ని ఫ్రూట్ మెషిన్లు అంతకుముందు ఎంత చెల్లించాయన్నదాన్ని బట్టి అవకాశాన్ని మార్చుకుంటాయి, అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. నేను పనిచేసిన కాసినో మెషిన్లు ఆ రకం కావు.

ఇప్పుడు "బిగించారా" అన్నది. బిగించే అవసరమే లేదని ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. కొత్తగా చేరిన పిల్లలకు మొదటిరోజు నేను బోర్డు మీద వేసి చూపించే మెషిన్ ఇది. మూడు చక్రాలు. ఒక్కో చక్రం మీద పది గళ్లు: ఒక గుడి గంట బొమ్మ, రెండు మామిడికాయలు, మూడు అరటిపళ్లు, నాలుగు ఖాళీలు. మొత్తం పది ఇంటూ పది ఇంటూ పది, అంటే 1,000 రకాలుగా ఆగొచ్చు. పందెం ఒక రూపాయి. మూడూ గంట బొమ్మలే పడే దారి ఒక్కటే, అదే జాక్‌పాట్, దానికి 300 రూపాయలు. మూడు మామిడికాయలు పడే దారులు 8, ఒక్కోదానికి 25 చొప్పున 200. మూడు అరటిపళ్లకు 27 దారులు, ఒక్కోదానికి 15 చొప్పున 405. అన్నీ కలిపితే 905. అంటే వెయ్యి రూపాయల పందేల మీద సగటున 905 తిరిగి వస్తాయి, 95 కాసినోకు మిగులుతాయి. ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు, లోపల మీట తిప్పలేదు. ఆ 95 రూపాయల లాభం బొమ్మలు అమర్చినప్పుడే అందులో ఉంది. ఈ 90.5 శాతాన్నే మా భాషలో ఆర్‌టీపీ (రిటర్న్ టు ప్లేయర్, అంటే ఆటగాడికి తిరిగొచ్చే వాటా) అంటాం.

ఇదే బోర్డు మీద ఇంకో రెండు సంగతులు చూడండి. జాక్‌పాట్ వెయ్యికి ఒకటి కదా, మరి వెయ్యిసార్లు తిప్పితే తప్పకుండా ఒకసారి తగులుతుందా? తగలదు. వెయ్యిసార్లు తిప్పిన వందమందిలో సుమారు 37 మందికి ఒక్కసారి కూడా తగలదు. ఇక రెండోది: సరిగ్గా రెండు గంట బొమ్మలు పడి మూడోది తప్పిపోయే దారులు 27. అంటే ఒక్క జాక్‌పాట్‌కు ఇరవై ఏడుసార్లు "అబ్బా, కొద్దిలో పోయింది" అనిపిస్తుంది. ఆ కొద్దిలో పోవడం కూడా పోవడమే. ఖాళీ గళ్లు పడినదానికీ దానికీ డబ్బులో పైసా తేడా లేదు. మనసు మాత్రం ఒప్పుకోదు, గెలుపు గుమ్మం దాకా వచ్చి వెళ్లిందని లెక్క రాసుకుంటుంది.

1890ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ తయారుచేసిన లిబర్టీ బెల్ దాదాపు ఈ బోర్డు మెషిన్ లాంటిదే, మూడు చక్రాలు, ఇనుప స్ప్రింగులు. దాంట్లో ఒక చిక్కుంది. పెద్ద బహుమతి పెట్టాలంటే చక్రం మీద గళ్లు పెరగాలి, చక్రం పెద్దదవ్వాలి. ఆ చిక్కును ఇంగె టెల్నెస్ అనే ఇంజనీరు విప్పాడు, 1984లో ఆయనకు అమెరికా పేటెంట్ వచ్చింది. ఆయన ఆలోచన ఏమిటంటే, కంటికి కనిపించే చక్రం మీద ఉదాహరణకు 22 గళ్లే ఉంటాయి, కానీ కంప్యూటర్ లోపల 64 అంకెల కనిపించని చక్రం ఒకటి తిరుగుతుంది. ఏ అంకె వస్తే ఏ గడి దగ్గర ఆగాలో ముందే రాసి పెడతారు. జాక్‌పాట్ బొమ్మకు 64లో ఒకే ఒక్క అంకె ఇస్తారు. దాని పైన, కింద ఉన్న ఖాళీ గళ్లకు నాలుగైదు అంకెలు చొప్పున ఇవ్వొచ్చు.

దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. కళ్లతో చూసి లెక్కేసేవాడికి 22 గళ్ల మూడు చక్రాలు కాబట్టి జాక్‌పాట్ 10,648లో ఒకటి అనిపిస్తుంది. అసలు లెక్క 2,62,144లో ఒకటి. అంతేకాదు, ఆ పక్క ఖాళీ గళ్ల దగ్గర చక్రం ఆగిన ప్రతిసారీ ఆ జాక్‌పాట్ బొమ్మ, గెలుపును లెక్కించే గీతకు కాస్త పైనో కిందో కనిపిస్తుంది. అందుకే అది ఊరిస్తుంది. మీరు రాసిన ప్రశ్నలో "కనీసం పదిసార్లు ఒక్క గడి తేడాతో పోయింది" అన్న వాక్యం ఉంది. ఆ ఒక్క గడి తేడా మీకు కనిపించినదే, యంత్రం లోపలి లెక్కలో అలాంటి దగ్గర, దూరం ఏమీ లేవు.

ఇప్పటి వీడియో స్లాట్లలో ఐదు చక్రాలు, ఇరవై ముప్పై గెలుపు గీతలు ఉంటాయి. అక్కడ ఊరింపు ఇంకో రకం. నా ఉద్యోగంలో రెండో సంవత్సరం జరిగింది చెబుతాను. ఒక గేమ్‌లో 20 గీతల మీద గీతకు ఒకటి చొప్పున 20 కాయిన్లు పందెం పెడితే, 6 వచ్చాయి. 14 పోయినట్టు. కానీ స్క్రీన్ మీద "గెలిచారు" అని మెరుపులు, బంగారు నాణేల చప్పుడు, సంగీతం. నేను సీరియస్‌గా బగ్ రాశాను: ఓడిపోయినా గెలుపు సంగీతం మోగుతోంది అని. సాయంత్రానికి జవాబు వచ్చింది: బగ్ కాదు, డిజైన్ ప్రకారమే. టీంలో నెలరోజులు ఆ మాట పట్టుకుని నన్ను ఆడించారు. ఎవరి బైకు పంక్చరైనా "డిజైన్ ప్రకారమే బ్రో" అనేవాళ్లు. తర్వాత 2021లో బ్రిటన్ ఆన్‌లైన్ స్లాట్లలో సరిగ్గా ఈ పనినే నిషేధించింది, పెట్టిన పందెం కన్నా తక్కువ వస్తే సంబరం చేయకూడదని. నా బగ్ అప్పటికి మూసేసి ఏళ్లయింది.

"పై నుంచి శాతం మార్చుతారా" అనే అనుమానం కూడా చాలామందికి ఉంటుంది. ఒకే గేమ్‌ను 88, 90, 92, 94 శాతం ఇలా వేర్వేరు రకాలుగా తయారుచేయడం మామూలే. కొనేటప్పుడు కాసినో తనకు కావలసింది ఎంచుకుంటుంది. పక్కపక్కనే ఒకే బొమ్మలతో ఉన్న రెండు మెషిన్ల శాతాలు వేరుగా ఉండొచ్చు, చూస్తే కనిపెట్టలేం. నెవాడాలో చట్టం ప్రకారం కనీసం 75 శాతం, న్యూజెర్సీలో 83 శాతం తిరిగి ఇచ్చేలా ఉండాలి. అంటే సందు అక్కడే చాలా ఉంది. మీ ముఖం చూసి, మీరు పందెం పెంచారని చూసి అప్పటికప్పుడు బిగించాల్సిన పని వాళ్లకు లేదు. మీరు ఎంతసేపు కూర్చుంటే అంత వాళ్లదే.

అలాగని ఈ రంగంలో మోసమే జరగలేదని అనను. నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డులో మెషిన్లను తనిఖీ చేసే ఉద్యోగి రాన్ హారిస్ తానే మెషిన్ల కంప్యూటర్ చిప్‌లలో దొంగ కోడ్ పెట్టి, తన మనుషులతో డబ్బు తీయించాడు. 1995లో దొరికిపోయి జైలుకెళ్లాడు. కంచే చేను మేసిన కథ. కానీ చూడండి, అక్కడ కూడా మోసపోయింది ఆటగాడు కాదు, కాసినో. కాసినోకు మోసం చేయాల్సిన అవసరం లేదు, లెక్క దాని పక్షాన ఉంది కదా.

ఇక మీ 18,000 ఎక్కడికి పోయిందో చూద్దాం, ఎందుకంటే అసలు పాఠం శాతంలో లేదు, వేగంలో ఉంది. నిమిషానికి పది స్పిన్‌లు అనుకుందాం, అది పెద్ద వేగం కూడా కాదు. గంటకు 600. మొదటి గంట 50 చొప్పున 30,000 రూపాయల పందెం కాశారు. తర్వాత రెండు గంటలు 100 చొప్పున 1,20,000. మొత్తం 1,50,000. మీ జేబులో అంత లేదు కదా అంటారు. లేదు, వచ్చిందే మళ్లీ మళ్లీ పెట్టారు. మెషిన్ 92 శాతం తిరిగిచ్చేదనుకున్నా, 1,50,000 మీద 8 శాతం అంటే 12,000 పోవడం సగటు. మీకు 18,000 పోయింది. కాస్త దురదృష్టం, అంతకన్నా ఏమీ లేదు. ఇంటికొచ్చి "మోసం" అని బాధపడాల్సిన అంకె కాదది.

"92 శాతం వెనక్కి ఇస్తుందంటే 10,000 తీసుకెళ్తే 9,200తో వస్తాను కదా" అనుకుంటారు చాలామంది. ఒక్కసారి తిప్పి లేస్తే నిజమే. ఎవరూ లేవరు. 9,200ను మళ్లీ పెడితే 8,464, మళ్లీ పెడితే 7,787, ఇలా పది విడతలు తిరిగితే 4,344 మిగులుతాయి. చిల్లు కుండ అది. చిల్లు చిన్నదే, కానీ మనం నీళ్లు పోసిన కొద్దీ తిప్పి తిప్పి పోస్తున్నాం.

మేము ఒక గేమ్ శాతం సరిగ్గా ఉందో లేదో చూడటానికి రాత్రంతా కంప్యూటర్ చేత కోట్ల స్పిన్‌లు తిప్పించేవాళ్లం. అన్ని తిప్పితేనే అంకె 92 దగ్గర నిలబడుతుంది. మీరు మూడు గంటల్లో తిప్పినవి 1,800. అందులో ఏదైనా జరగొచ్చు, ఆ ఆవిడకు జరిగినట్టు. మీకు తెలిసినవాడెవడో గెలిచి వచ్చాడంటే అది అబద్ధం కానక్కర్లేదు. అలాంటి గెలుపులు లేకపోతే ఎవరూ ఆ గదిలోకి రారు, అవి కూడా లెక్కలోవే. పెద్ద జాక్‌పాట్లు ఉన్న మెషిన్లలో అయితే ప్రతి పందెం నుంచి చిన్న వాటా ఆ జాక్‌పాట్ కుండలోకి వెళ్తుంది కాబట్టి మామూలు గెలుపులు ఇంకా పలచబడతాయి. 2003లో లాస్ వెగాస్‌లో మెగాబక్స్ అనే మెషిన్ ఒకరికి సుమారు 3.97 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ కుండను నింపింది ఎన్ని వేలమంది ఖాళీ జేబులో ఆలోచించుకోండి.

ఇదంతా తెలిసినవాడు జాగ్రత్తగా ఉంటాడనుకుంటున్నారా? నా సంగతే వినండి. అప్పట్లో లాస్ వెగాస్‌లో ఏటా జరిగే గేమింగ్ ప్రదర్శనకు కంపెనీ ఒకసారి నన్ను పంపింది. సాయంత్రం హోటల్ కింద కాసినోలో నేను టెస్ట్ చేసిన గేమే కనిపించింది. సొంతూళ్లో చుట్టం కనిపించినంత సంబరం. సరదాగా ఇరవై డాలర్లు అనుకుని కూర్చున్నాను. ఆ గేమ్‌లో బోనస్ సగటున 140 స్పిన్‌లకు ఒకసారి వస్తుందని నాకు నోటికొచ్చు. 260 తిప్పినా రాలేదు. అలా జరిగే అవకాశం వందలో పదిహేను పదహారు, అంటే వింతేమీ కాదని కూడా తెలుసు. అయినా లోపల ఒకటే మాట: ఇప్పుడొస్తుంది, ఇప్పుడు లేస్తే పిచ్చోణ్ని. పందెం నాలుగింతలు చేశాను. రాత్రి ఒంటిగంటకు 340 డాలర్లు పోగొట్టుకుని లేచాను. లెక్క తెలియడం వల్ల ఒక్కటే లాభం కలిగింది, మెషిన్‌ను తిట్టలేకపోయాను.

మనకు చిన్నప్పటి నుంచి "పోయినచోటే వెతుక్కోవాలి" అని నేర్పారు. తాళంచెవి పోతే ఆ మాట బంగారం. ఇక్కడ అదే మాట ముంచుతుంది. పోయిన డబ్బు ఆ మెషిన్ దగ్గర లేదు, ఇంకో స్పిన్‌తో దానికి సంబంధం లేదు. మీ పందెం 50 నుంచి 100 అయిన క్షణం చూడండి, మీరు మూడు గంటల్లో చేసిన తప్పు అదొక్కటే. 50 దగ్గరే ఉండి ఉంటే మొత్తం పందెం 90,000, సగటు నష్టం 7,200.

డిసెంబరు ట్రిప్పుకు నేను చెప్పేది ఇది. వెళ్లే ముందే ఒక కాగితం మీద లెక్క వేయండి: పందెం ఇంటూ గంటకు స్పిన్‌లు ఇంటూ 8 శాతం. 20 రూపాయల పందెం, గంటకు 400 స్పిన్‌లు అయితే 640 రూపాయలు గంటకు ఖర్చు. ఇది సినిమా టికెట్టు లాంటిది, తిరిగి రాదని రాసుకోవాలి. 50 అయితే, వేగం 600 అయితే 2,400. ఏది మీకు సరదాగా అనిపిస్తుందో, ఏది గుండెల్లో రాయిలా అనిపిస్తుందో బెంగళూరులో కూర్చుని తేల్చుకోండి. సగటు మీద రెండింతలు పోవడం మామూలే కాబట్టి దానికీ సిద్ధపడి, అంత నగదు మాత్రమే జేబులో పెట్టుకోండి. డెబిట్ కార్డు, క్రెడిట్ కార్డు గదిలో లాకర్లో. ఫోన్‌లో యూపీఐ యాప్ ఉంటుంది కదా, నేనైతే ఆ రెండు రోజులు లిమిట్ తగ్గించి పెడతాను.

స్క్రీన్ మీద "కాయిన్ 1 రూపాయి" అని ఉంటే అది మీ పందెం కాదు, గీతల సంఖ్యతో హెచ్చించాలి. మొత్తం పందెం అని ఒక మూల చిన్న అంకెలో ఉంటుంది, కూర్చోగానే దాన్ని వెతకండి. ఆటోప్లే (మీరు నొక్కకుండానే చక్రాలు తిరుగుతూ పోయే ఏర్పాటు) ముట్టుకోవద్దు. వేగమే ఖర్చు కాబట్టి నెమ్మదిగా నొక్కండి, మధ్యలో పక్కవాళ్లతో కబుర్లు చెప్పండి. బ్రిటన్ చట్టం ఆన్‌లైన్ స్లాట్లకు ఒక్కో స్పిన్‌కు కనీసం రెండున్నర సెకన్లు పెట్టింది, 2025లో స్పిన్‌కు 5 పౌండ్లు, 18 నుంచి 24 ఏళ్ల వాళ్లకు 2 పౌండ్లు మించకూడదని పరిమితి కూడా తెచ్చింది. వాళ్లు శాతాన్ని కాకుండా వేగాన్ని, పందాన్ని పట్టుకున్నారంటే కారణం ఉంది.

మందు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఎంట్రీ ప్యాకేజీలోనే డ్రింకులు కలిపి ఇస్తే అవి ఉచితం అనుకోకండి. ఏదైనా గెలిస్తే ఆ డబ్బు వేరే జేబులోకి, దాన్ని ఆ రాత్రి ముట్టుకోకూడదు. ఫ్రెండ్స్ మధ్య ముందే ఒక మాట అనుకోండి: "మామా, ఒక ఐదు వేలు కొట్టరా, పొద్దున ఇచ్చేస్తా" అని ఎవరు అడిగినా ఎవరూ కొట్టకూడదు. ఇది మొహమాటం లేకుండా బస్సులోనే తేల్చుకోవాలి. కాసినోలో తేలదు.

పన్నులు మర్చిపోవద్దు. కాసినోలో చిప్స్ (డబ్బుకు బదులు వాడే బిళ్లలు) కొనడానికి కట్టే మొత్తం మీద జీఎస్టీ 2023 అక్టోబరు నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. ఎంత కడితే చేతికి ఎన్ని చిప్స్ వస్తున్నాయో కౌంటర్లోనే అడగండి. గెలిచినదాని మీద 30 శాతం ఆదాయపు పన్ను, పైన సెస్సు. ఓడినదాన్ని అందులోంచి తీసేసి చూపించే వీలు లేదు. పొద్దున 40,000 గెలిచి సాయంత్రం 40,000 ఓడినా, పన్ను లెక్కలో మీరు గెలిచినవారే.

ఇదంతా చదివి "పడవ ఎందుకు, ఫోన్‌లో ఆడదాం" అనుకునేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లకొక మాట. గోవాలో ఐదు నక్షత్రాల హోటళ్లలో స్లాట్లను 1992 నుంచి, పడవల్లో కాసినోలను 1996 నుంచి అక్కడి చట్టం అనుమతిస్తోంది. కర్ణాటకలో కాసినోలు లేవు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది, నైపుణ్యం ఆటైనా అదృష్టం ఆటైనా. ఆడేవాళ్ల మీద కాదు, నడిపేవాళ్ల మీదా ప్రకటనలిచ్చేవాళ్ల మీదా శిక్షలు. అయినా టెలిగ్రామ్‌లో లింకులు తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఎవరు తనిఖీ చేశారో, శాతం ఎంతో అడిగే దిక్కు లేదు. ముందు చిన్న మొత్తాలు వెంటనే వెనక్కి ఇస్తారు, పెద్ద మొత్తం అడిగితే "ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అంటారు. పైన నేను "మోసం అవసరం లేదు" అన్నదంతా తనిఖీ ఉన్న మెషిన్ల గురించి. ఈ లింకులకు ఆ హామీ ఇవ్వను.

ఒక సంగతి చెప్పకుండా ముగించలేను. బీటీఎం లేఔట్‌లో నాతోపాటు రూంలో ఉన్న కడప కుర్రాడొకడు, మంచి తెలివైనవాడు, ఫోన్ స్లాట్లలో పడ్డాడు. మొదట జీతం, తర్వాత క్రెడిట్ కార్డు, తర్వాత లోన్ యాప్. చివరికి చెల్లెలి పెళ్లికి వాళ్ల నాన్న చీటీ పాడి పంపిన డబ్బు. మాకెవరికీ తెలియదు, బాత్రూంలో కూర్చుని ఆడేవాడు. డబ్బు కోసం ఆడటం అప్పటికే ఆగిపోయిందని తర్వాత వాడే చెప్పాడు. గెలిచినా తీసుకునేవాడు కాదు, ఇంకాసేపు తిప్పడానికి పెట్టేవాడు. ఇలాంటివాడికి నేను పైన చెప్పిన గంటల లెక్క, వేరే జేబు చిట్కా పనిచేయవు. జూదపు వ్యసనాన్ని వైద్యులు మందు, డ్రగ్స్ వ్యసనాల కోవలోనే పెట్టారు, చికిత్స ఉంది. వాణ్ని హోసూరు రోడ్డులో మానసిక వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఏడాది పట్టింది, మధ్యలో రెండుసార్లు జారాడు. ఇప్పుడు బాగున్నాడు, వాడి జీతం ఖాతా చెల్లెలే చూస్తుంది. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీరు ఆ స్థితిలో ఉన్నారని అనడం లేదు. కానీ మీ ప్రశ్నలో నన్ను ఆపింది 18,000 కాదు, "మా ఆవిడకు ఇంకా చెప్పలేదు" అన్నది. దాచిన నష్టాన్ని మళ్లీ ఆడి పూడ్చాలనిపిస్తుంది, చెప్పేసిన నష్టాన్ని పూడ్చాల్సిన పని లేదు. డిసెంబరు టికెట్లు బుక్ చేసేలోపు చెప్పండి, అంకె తగ్గించకుండా చెప్పండి. ఈసారి కూడా రాబట్టుకోవాలనే ఆలోచన మనసులో ఎక్కడైనా ఉంటే గోవా వెళ్లండి, బీచ్‌కి వెళ్లండి, పడవ మాత్రం ఎక్కొద్దు.

నేను వెగాస్ నుంచి వచ్చి మూడు రోజులు నాన్చి చెప్పాను. మా ఆవిడ అరుస్తుందనుకున్నాను. కాఫీ కలుపుతూ, "అది మీరు పాస్ చేసిన గేమేనా?" అంది. అవునన్నాను.

"అయితే బాగానే టెస్ట్ చేశారు" అంది.